ఊరి ఇంధన పొదుపు కమిటీ: ర్యాలీ అయింది, ఇప్పుడు దేనితో మొదలుపెట్టాలి?

గోదావరి గట్టు:

అందరికీ నమస్కారం. మాది గోదావరి డెల్టాలో ఒక చిన్న మునిసిపాలిటీ. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి ఈ మధ్యనే పదవీ విరమణ చేశాను. డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినం సందర్భంగా మా ఊళ్లో ర్యాలీ తీశాం. ఫ్లెక్సీలు కట్టాం, పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టాం, ప్రధాన కూడలిలో అందరిచేతా ప్రతిజ్ఞ చేయించాం. మర్నాడు పగలు పదకొండు గంటలకు అదే కూడలి మీదుగా వెళ్తుంటే ఎత్తైన స్తంభం మీది హైమాస్టు దీపాలు ఆరుకు ఆరూ ఎర్రటి ఎండలో వెలుగుతున్నాయి. అక్కడి టీ కొట్టతను నవ్వి, "మాస్టారూ, ఆ ప్రతిజ్ఞేదో దీపాలచేత కూడా చేయించాల్సింది" అన్నాడు.

ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. వారం తిరిగేలోగా తొమ్మిది మందిమి కూర్చుని కమిటీ వేసుకున్నాం. ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు, ఒక వైర్‌మన్, డ్వాక్రా సంఘాల నుంచి ఇద్దరు మహిళలు, ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు, ఒక హోటల్ యజమాని, నేను. ఎవరికీ జీతాలు లేవు, చేతిలో నిధులూ లేవు. మొదటి సమావేశంలోనే మూడు వాదాలు బయలుదేరాయి. సౌర ఫలకాలతో మొదలుపెట్టాలని విద్యార్థులు, ఇంటింటికీ కరపత్రాలు పంచాలని మహిళలు, ముందు మునిసిపల్ కార్యాలయాన్ని నిలదీయాలని హోటల్ యజమాని. పగటి దీపాల సంగతి నేను నోటిమాటగా రెండుసార్లు చెప్పి చూశాను. సంబంధిత కార్యాలయం "కాంట్రాక్టరుకు చెబుతాం" అంది, దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

ఇలాంటి కమిటీ నడిపిన అనుభవం ఉన్నవారు ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ దెబ్బతిన్నారో చెప్పగలరా? కమిటీని సొసైటీగా రిజిస్టరు చేయించడం అవసరమా అన్నది మరో సందేహం.

పాత సబ్‌స్టేషను:

మాస్టారికి నమస్కారం. విద్యుత్ పంపిణీ సంస్థలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను కనుక నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను. మీ కమిటీ మొట్టమొదట చేయవలసినది ర్యాలీ కాదు, కరపత్రమూ కాదు. మునిసిపాలిటీ పేరిట ఉన్న సర్వీసు (కరెంటు కనెక్షను) నంబర్లన్నిటి జాబితా సంపాదించి, గత పన్నెండు నెలల బిల్లులను ఒక పుస్తకంలో రాసుకోవడం. ఏ సర్వీసు ఎక్కడుందో, మంజూరైన లోడు ఎంతో, నెలకు ఎన్ని యూనిట్లు తిరిగాయో వరుసగా రాస్తే, ఊరి కరెంటు ఎటు పోతోందో మీకే కనిపిస్తుంది. చిన్న పట్టణాల్లో సింహభాగం రెండు చోట్లకే పోతుంది: మంచినీటి పంపింగుకు, వీధిదీపాలకు. కార్యాలయంలోని ఫ్యాన్లు, ఏసీలు వాటి ముందు లెక్కలోకి రావు. బిల్లులు అడిగితే ఇవ్వని పక్షంలో సమాచార హక్కు చట్టం ఉంది, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అయితే అది ఆఖరి అస్త్రంగానే ఉంచుకోండి. మొదటి రోజే దరఖాస్తు పడేస్తే ఆ తర్వాత ఏ ఇంజనీరూ మీతో మనసు విప్పి మాట్లాడడు.

వీధిదీపాల విషయంలో బల్బులు మార్చే దశ చాలావరకు గడిచిపోయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో స్తంభాలను పడగొట్టిన తర్వాత అక్కడ 90 వేలకు పైగా వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. 2015 జనవరిలో దేశమంతటికీ వర్తించే వీధిదీపాల పథకం మొదలైంది. మన పట్టణాల్లో ఎక్కువ భాగం అలాగే మారాయి. ఇప్పుడు మిగిలినది స్విచ్చి సమస్య. మన ప్రాంతంలో డిసెంబరులో ఉదయం దాదాపు ఆరున్నరకు పొద్దు పొడుస్తుంది, జూన్‌లో ఐదున్నరకే పొడుస్తుంది. సాయంత్రం కూడా జూన్‌లో గంట ఆలస్యంగా చీకటి పడుతుంది. డిసెంబరులో పెట్టిన టైమరును ఎవరూ ముట్టుకోకపోతే జూన్‌లో దీపాలు రోజుకు రెండు గంటలు వృథాగా వెలుగుతాయి. దీపం ఒక్కొక్కటి 40 వాట్లు, మొత్తం వెయ్యి దీపాలు అనుకుంటే రోజుకు 80 యూనిట్లు. మీ ప్రతిజ్ఞకు లొంగనిది దీపం కాదు, ఆ కంట్రోలు పెట్టెలోని టైమరు. లేదా టైమరు కాలిపోతే లైను నేరుగా కలిపేసి ఉంటారు. మీ వైర్‌మన్‌ను పెట్టె దాకా పంపండి, కానీ దాన్ని తాకనివ్వకండి. పెట్టె నంబరు, తేదీ, సమయం రాసుకుని ఫొటోతో సహా లిఖితపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటకు ఫైలు ఉండదు.

పంపుల సంగతి ఇంకా పెద్దది. నేను ఉద్యోగంలో ఉండగా ఒక పంపుహౌసులో చూసినది చెబుతాను. 20 హార్స్‌పవర్ మోటారు, పైన ట్యాంకు నిండి ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి నీళ్లు పక్క కాలవలోకి ధారగా పోతున్నాయి, ఆ కాలవ గట్టున ఆడవాళ్లు తీరిగ్గా బట్టలుతుక్కుంటున్నారు. ఆపరేటరును అడిగితే, ట్యాంకు నిండిందని తనకు తెలిసేది ఆ నీళ్ల చప్పుడుతోనేనని చెప్పాడు. తప్పు అతనిది కాదు, ట్యాంకులో మట్టం చూపే ఏర్పాటే లేదు. ఆ మోటారు గంటకు దాదాపు 17 యూనిట్లు లాగుతుంది. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట పొర్లినా నెలకు 500 యూనిట్లు కాలవలో కలుస్తాయి, శుద్ధి చేసిన నీళ్లు అదనం. ట్యాంకు నిండగానే మోటారును ఆపేసే ఫ్లోట్ స్విచ్చి ఒకటి పెడితే తీరిపోయే సమస్య అది. పంపు దగ్గర చూడవలసినవి ఇంకా ఉన్నాయి: గ్లాండ్ (తిరిగే ఇరుసు చుట్టూ నీళ్లు కారకుండా బిగించిన భాగం) దగ్గర నీళ్లు చిమ్మడం, నీళ్లు పీల్చే గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వు సరిగా మూసుకోక ప్రతిసారీ నీళ్లు పోసి మోటారు వేయవలసి రావడం, పదే పదే వైండింగ్ చేయించిన మోటారు, పాడైపోయిన కెపాసిటర్లు. ఇవేవీ ఫొటోకు అందంగా ఉండవు, కాని బిల్లు వీటితోనే తగ్గుతుంది.

మూడో అంతస్తు:

నేను విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు సంఘానికి నాలుగేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. పై పెద్దాయన చెప్పినది మునిసిపాలిటీ వైపు. నేను ఇళ్ల వైపు చెబుతాను.

మొదటి ఏడాది నేను కూడా నోటీసు బోర్డులో సూక్తులు రాశాను. ఎవరూ చదవలేదు. రెండో ఏడాది ఉమ్మడి మీటరు మీద దృష్టి పెట్టాను. మా వరండాల్లో, సెల్లార్‌లో కలిపి 24 పాత ట్యూబులైట్లు రాత్రంతా వెలిగేవి. పాత చోక్‌తో కలిపి ఒక్కొక్కటి దాదాపు 55 వాట్లు లాగుతుంది, అంతే వెలుతురిచ్చే ఎల్‌ఈడీ ట్యూబుకు 20 వాట్లు చాలు. పన్నెండు గంటలకు లెక్క వేస్తే రోజుకు పది యూనిట్లు, నెలకు మూడు వందలు. మెయింటెనెన్సు తగ్గాక నా మాటకు విలువ వచ్చింది. అంతకుముందు నన్ను చూస్తే లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగి వెళ్లిపోయేవారు. పోనీ ఆ విధంగానైనా కరెంటు ఆదా అయింది!

ఆ తర్వాత ఇళ్లలోకి వెళ్లాను. ఉపన్యాసం ఇవ్వలేదు, వాళ్ల కరెంటు బిల్లును వాళ్ల ముందే చదివాను. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ ధర 1 రూపాయి 90 పైసలు. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. అంటే పొదుపు చేసిన యూనిట్ ఎప్పుడూ పై స్లాబులోంచే తగ్గుతుంది. నెలకు 260 యూనిట్లు కాల్చే ఇల్లు 40 యూనిట్లు తగ్గిస్తే, విద్యుత్ ఛార్జీలోనే 336 రూపాయలు మిగులుతాయి. ఈ ఒక్క లెక్క చెప్పగానే గృహిణులు ఒళ్లో ఉన్న చిక్కుడుకాయలు పక్కన పెట్టి కాగితం తెచ్చుకున్నారు.

ఆ 40 యూనిట్లు ఎలా వస్తాయంటే, మన కోస్తాలో ఫ్యాను రోజుకు పదిహేను గంటలైనా తిరుగుతుంది. పాత ఫ్యాను పూర్తి వేగంలో దాదాపు 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. ఒక ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు, రెండు మారిస్తే 40. మూడు వేల రూపాయల ఫ్యాను ఏడాదిన్నర, రెండేళ్లలో తన ధర తాను రాబట్టుకుంటుంది. తక్కువ వేగంలో తిప్పుకునేవారికి ఇంత మిగలదు. ఆ సంగతి దాచకుండా చెప్పాలి, లేకపోతే మూడో నెల బిల్లుతో మన పరువు పోతుంది. నేను చెప్పడం కంటే ప్లగ్గుకు తగిలించే చిన్న వాట్‌మీటరు చెప్పడం ఎక్కువ పనిచేసింది. మా పక్కింటి మామ్మగారు టీవీ కట్టేశాక కూడా సెట్‌టాప్ బాక్సు దగ్గర అంకె సున్నాకు రాకపోవడం చూసి, "ఇది నిద్రపోదేంటమ్మా" అని అప్పటికప్పుడు ప్లగ్గు పీకేశారు. ఆవిడే తర్వాత ఆ మీటరు పట్టుకుని బ్లాకంతా తిరిగారు. మీ డ్వాక్రా సభ్యులకు కరపత్రాల బదులు అలాంటి మీటరు ఒకటి కొనివ్వండి మాస్టారూ.

సందేహి:

అందరూ నిజాయితీగానే చెబుతున్నారు, కానీ ఒక మాట అడగాలనిపిస్తోంది. దీపాల నిర్వహణకు కాంట్రాక్టరు ఉన్నాడు, పంపులకు ఇంజనీరు ఉన్నాడు, ఇద్దరికీ డబ్బు ముడుతోంది. వాళ్లు చేయవలసిన తనిఖీని రిటైరైన మాస్టార్లు, విద్యార్థులు ఎండలో తిరిగి ఉచితంగా చేసిపెడితే, వాళ్ల బాధ్యత ఇంకా సడలిపోదా? రేపు మీ కమిటీ అలిసిపోయిన రోజున దీపాలు మళ్లీ పగలే వెలుగుతాయి.

చలిదేశపు తెలుగువాడు:

సందేహి గారి ప్రశ్నకు నా అనుభవంలోంచి జవాబు ఉంది. నేను అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక చిన్న పట్టణంలో ఉంటున్నాను. ఇక్కడ చాలా ఊళ్లలో ఇంధన కమిటీలు ఉన్నాయి; సభ్యులందరూ స్వచ్ఛందంగా పనిచేసేవారే. నేను మా ఊరి కమిటీలో మూడేళ్లు ఉన్నాను. ఒక తేడా ఉంది: ఈ కమిటీని ఊరి పాలక మండలే నియమిస్తుంది. సమావేశానికి కనీసం 48 గంటల ముందు ఎజెండా బహిరంగంగా ప్రకటించాలి, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, మినిట్స్ రాసి అందరికీ అందుబాటులో ఉంచాలి. కమిటీకి ఆజ్ఞాపించే అధికారం లేదు, సలహా మాత్రమే ఇస్తుంది. కానీ ఆ సలహా రికార్డులో ఉంటుంది కనుక, పాటించని అధికారి కారణం చెప్పక తప్పదు. పని చేసిపెట్టడం వేరు, పని జరిగిందో లేదో అందరి ముందూ లెక్క చదవడం వేరు. మేము చేసేది రెండోది.

2008లో ఈ రాష్ట్రం ఒక చట్టం చేసింది. దాని కింద గ్రాంట్లు కావాలంటే ఊరు ఐదు షరతులు తీర్చాలి. వాటిలో ముఖ్యమైనది, ఒక ఏడాదిని ప్రాతిపదికగా తీసుకుని, పురపాలక భవనాలు, బడులు, వాహనాలు, వీధిదీపాలు వాడే ఇంధనాన్ని ఐదేళ్లలో 20 శాతం తగ్గించే ప్రణాళిక చూపడం. అందుకే ఇక్కడ కూడా కమిటీ పని బిల్లులతోనే మొదలవుతుంది. మాకు ఎదురుదెబ్బ తగిలింది కూడా అక్కడే. మొదటి ఏడాది బడిలో పొదుపు బ్రహ్మాండంగా కనిపిస్తే సంబరపడి అందరికీ చెప్పుకున్నాం. తీరా చూస్తే ఆ చలికాలం అంత చలిగా లేదు, హీటర్ల వాడకం దానంతట అదే తగ్గింది. అప్పటి నుంచి వాతావరణాన్ని సరిచూసుకోకుండా అంకె బయటపెట్టడం మానేశాం. మీకు అక్కడ చలికి బదులు వర్షం ఉంటుంది: వానలు బాగా పడిన ఏడాది పంపింగు ఎలాగూ తగ్గవచ్చు, దాన్ని మీ ఖాతాలో వేసుకోకండి.

ఇక్కడ కొన్ని గ్రంథాలయాలు వాట్‌మీటర్లను పుస్తకాల్లాగే అరువిస్తాయి. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఒకటి పెట్టించగలరేమో చూడండి.

పాత సబ్‌స్టేషను:

రిజిస్ట్రేషను ప్రశ్న మిగిలిపోయింది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 ప్రకారం ఏడుగురు ఉంటే చాలు, మీరు తొమ్మిది మంది ఉన్నారు. అయితే డబ్బు వసూలు చేయనంతవరకు తొందర అక్కర్లేదని నా అభిప్రాయం. సౌరఫలకాల గురించి విద్యార్థులను నిరుత్సాహపరచకండి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి 3 కిలోవాట్ల వ్యవస్థకు 78 వేల రూపాయల రాయితీ ఉంది. నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకైతే కిలోవాట్‌కు 18 వేలు. ఒక కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. కానీ పొర్లుతున్న ట్యాంకుకు సౌరవిద్యుత్తు కలిపితే, ఎండతో నీళ్లు పారబోసినట్లవుతుంది. వరుస తప్పకండి.

గోదావరి గట్టు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం సమావేశంలో ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. హోటల్ యజమాని సందేహి గారి పక్షం వహించి గట్టిగా వాదించారు. చివరకు చలిదేశపు తెలుగువాడు గారు చెప్పిన పద్ధతికి ఒప్పుకున్నారు: మేము ఏ పెట్టెనూ తెరవం, ఏ స్విచ్చీ వేయం, చూసినది రాసి, నెలకొకసారి కూడలిలోని నల్లబల్ల మీద అంకెలు పెడతాం. నల్లబల్ల ఖర్చు ఆయనే పెట్టుకుంటానన్నారు.

ఈ ఉదయం విద్యార్థులిద్దరూ, నేనూ కలిసి పెద్ద ట్యాంకు దగ్గరకు వెళ్లాం. ఆరు గంటల యాభై నిమిషాలకు ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి నీళ్లు మొదలయ్యాయి, ఏడు గంటల పద్దెనిమిది నిమిషాలకు ఆగాయి. ఆపరేటరు మమ్మల్ని చూసి మొదట కంగారుపడ్డాడు గానీ, ఫ్లోట్ స్విచ్చి కోసం తాను కూడా అడుగుతున్నానని చెప్పి, తన లాగ్‌బుక్కు మా ముందు పెట్టాడు. అందులో మోటారు వేసిన సమయం, ఆపిన సమయం రోజువారీగా ఉన్నాయి. ఏడాది పేజీలు ఫొటోలు తీసుకున్నాం. బిల్లుల కోసం కమిషనరు గారికి రాసిన ఉత్తరం రేపు కార్యాలయంలో ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డ్ విభాగంలో ఇచ్చి రసీదు తీసుకుంటాం. హైమాస్టు దీపాలు మాత్రం ఇవాళ కూడా పదకొండింటికి వెలుగుతూనే ఉన్నాయి. కంట్రోలు పెట్టె నంబరు రాసుకున్నాను.