‘చేయించుకున్నా’ అనడానికి ‘గెట్’ ఎలా వాడాలి?

ప్రశ్న: ‘నిన్న జుట్టు కత్తిరించుకున్నాను’ అనడానికి ‘ఐ కట్ మై హెయిర్’ అంటే కుదరదన్నారు, ‘గెట్’ వాడాలట. ‘గెట్’ అంటే పొందడం అనే తెలుసు. ఇక్కడెలా వచ్చింది?

జవాబు: వ్యాకరణం తప్పేం కాదండి, అర్థమే మారిపోతుంది. కత్తెర మీరే పట్టుకున్నారనుకుంటారు. తెలుగులో ‘కత్తిరించుకున్నా’ అన్నా మంగలిషాపుకి వెళ్లారనే అనుకుంటాం. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు తక్కువ. ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి. ముందు గెట్, తర్వాత వస్తువు, చివర క్రియ మూడో రూపం: గాట్ ద బైక్ రిపేర్డ్, గాట్ ద ఫామ్ సైన్డ్. మన ‘చేయించుకొను’కి బాగా దగ్గరి రూపం ఇదే. ‘గాట్ రిపేర్డ్ ద బైక్’ అని వస్తువుని చివరికి నెట్టకండి, వాక్యం తప్పవుతుంది.

ఆపరేషన్ మాత్రం వేరు. ‘ఐ డిడ్ ద ఆపరేషన్’ అంటే డాక్టరు మీరే అయిపోతారు. ‘ఐ హ్యాడ్ యాన్ ఆపరేషన్’ చాలు.

పని చేసిన మనిషిని కూడా చెప్పాలంటే గెట్‌తో, ఆ మనిషి తర్వాత ‘టు’ వస్తుంది: ఐ గాట్ హిమ్ టు సైన్. మేక్, హ్యావ్‌లకు ‘టు’ ఉండదు: మేడ్ హిమ్ సైన్, హ్యాడ్ హిమ్ సైన్. మూడింటికీ మనం ‘అతనిచేత సంతకం పెట్టించాను’ అనేస్తాం. కానీ ‘మేడ్’లో బలవంతం ఉంది, ‘హ్యాడ్’లో పురమాయింపు, ‘గాట్’లో నచ్చజెప్పడమో బతిమాలడమో. ‘ఐ హ్యాడ్ మై బాస్ సైన్ ఇట్’ అంటే పై అధికారికి మీరే పని చెప్పినట్టుంటుంది. అక్కడ ‘గాట్ మై బాస్ టు సైన్’ అనడమే మర్యాద.

ఇంకొకరు: మరి బస్సు దిగడానికి ‘గెట్ డౌన్’ అనొచ్చా?

జవాబు: మన దేశంలో చెల్లుతుంది. అమెరికాలో ‘గెట్ డౌన్!’ అని అరిస్తే వంగమనో, నేలమీద పడుకోమనో అనుకుంటారు. లోపల లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానం, ఓడలకు గెట్ ఆన్, గెట్ ఆఫ్. నడుం వంచి దూరే కారు, ఆటోలకు గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్. సైకిలు, గుర్రం మీద కూర్చుంటాం కాబట్టి మళ్లీ ఆన్, ఆఫ్. మనకేమో అన్నిటికీ ఎక్కడం, దిగడమే, హాయి.

ఇంకో జవాబు: ‘చీకటి పడుతోంది’, ‘ఆకలేస్తోంది’, ‘అలవాటు పడుతున్నా’ వీటన్నిటికీ గెట్టే. ఇట్స్ గెటింగ్ డార్క్, ఐయామ్ గెటింగ్ హంగ్రీ. తెలుగులో ఒక్కోచోట ఒక్కో క్రియ, అందుకే ‘గెట్ అంటే ఇదీ’ అని ఒక్క మాట పట్టుకుంటే లాభం లేదు. అలవాటు దగ్గర జాగ్రత్త: ‘గెటింగ్ యూజ్డ్ టు వేక్ అప్’ తప్పు, ‘టు వేకింగ్ అప్’ అనాలి. అక్కడి ‘టు’ విభక్తి లాంటిది, క్రియకు చెందింది కాదు.

ఇంకొకరు: ‘గెట్’కి మూడో రూపంగా ‘గాటెన్’ అంటే తప్పా?

జవాబు: అమెరికాలో ఒప్పే. అక్కడ ‘హ్యావ్ గాట్’ అంటే ఉంది, ‘హ్యావ్ గాటెన్’ అంటే వచ్చింది, దొరికింది. బ్రిటన్‌లో రెంటికీ మామూలుగా గాట్ అనే అంటారు.