ఇంగ్లండ్‌లో దారి పక్క రాతి శిలువలు: మీరు చూసినవి చెప్పండి

లీడ్స్_శ్రీను: మొన్న ఆదివారం నార్త్ యార్క్ మూర్స్‌లో కారు ఆపాం. రోడ్డు పక్కన తెల్లరంగు వేసిన పొట్టి రాయి, దాని మీద బిస్కెట్లు, చాక్లెట్లు, ఒక ఆపిల్. నైవేద్యమేమోనని మా ఆవిడ చెప్పులు విప్పబోయింది! ఏంటండీ అది?

మిడిల్స్‌బ్రో_రవి: హహ. దాని పేరు వైట్ క్రాస్, అంటే తెల్ల శిలువ. అందరూ ఫ్యాట్ బెట్టీ అంటారు, అంటే లావు బెట్టీ. ఒకటి పెట్టి ఒకటి తీసుకోవడం అక్కడి ఆనవాయితీ. నేను జంతికల పొట్లం పెట్టి చాక్లెట్ తెచ్చుకున్నా. వానకు నానిన బిస్కెట్ల జోలికి మాత్రం పోకండి. అక్కడికి దగ్గర్లోనే యంగ్ రాల్ఫ్ అనే రాతి శిలువ ఉంది, చూశారా? తొమ్మిది అడుగులుంటుంది, అక్కడి నేషనల్ పార్క్ గుర్తు కూడా అదే. నెత్తిన చిన్న గుంట. కలిగినవాళ్లు అందులో చిల్లర వేస్తే లేనివాళ్లు తీసుకునేవారట. ఆ చిల్లర కోసమే 1961లో ఒకడు పైకెక్కితే శిలువ విరిగింది. 1984లో మళ్లీ విరిగింది.

ప్లిమత్_పద్మ: రవి గారూ, ఒక చిన్న సంగతి. ఇప్పుడున్న యంగ్ రాల్ఫ్ పాతదాని చోట 18వ శతాబ్దంలో నిలిపింది. నిజంగా పాతది కావాలంటే మా వైపు డార్ట్‌మూర్ బయళ్లకి రండి. ప్రిన్స్‌టౌన్ నుంచి మేం సీవర్డ్స్ క్రాస్‌కి నడిచాం, నన్స్ క్రాస్ అన్నా అదే. 1240 నాటి సరిహద్దు పత్రంలోనే దాని పేరుంది. దారిలో పొగమంచు దిగి పది గజాల అవతల ఏముందో కనబడలేదు. మా వాడికి ఒకటే టెన్షన్. అంతలో బూడిదరంగులో ఎవరో చేతులు చాపి నిలబడ్డట్టు కనబడింది! బక్‌ఫాస్ట్ నుంచి టావిస్టాక్ వైపు మఠాల మధ్య నడిచే సన్యాసులకు ఇలాంటి రాళ్లే దారి గుర్తులు. అవి ఎందుకు పెట్టారో ఆ పూట నాకు బాగా అర్థమైంది. ఈ సీవర్డ్స్ క్రాస్ 1846లో విరిగితే ఇనుప పట్టీలు బిగించి నిలబెట్టారు. రాయి మీద చెయ్యి వేస్తే నాచు, గరుకు గ్రానైట్, మధ్యలో ఆ చల్లటి ఇనుము.

కార్న్‌వాల్_కిరణ్: మా వైపు రైతులు చాలావాటిని పీకి గేటు స్తంభాలుగా పాతేశారు. ఒకదానికి గేటు మడతబందు కోసం కొట్టిన చిల్లు ఇంకా ఉంది.

లీడ్స్_శ్రీను: థాంక్స్ అందరికీ. ఈసారి జంతికలతోనే వెళ్తాం. రవి గారూ, యంగ్ రాల్ఫ్ దగ్గర కారు పెట్టుకోవడానికి చోటుంటుందా?