అమెరికాకు ఒక మేక్రాన్ దొరుకుతాడా?

మూడోదారి:
2020లో డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పీట్ బుటిజెజ్ పోటీపడినప్పుడు ‘అమెరికా మేక్రాన్’ అన్న మాట తెగ వినిపించింది. 2028 లెక్కలు మొదలయ్యేసరికి మళ్లీ అదే మాట. పోలికలు ముచ్చటగానే ఉన్నాయి. మేక్రాన్ ఫ్రాన్స్‌లో ఉన్నతాధికారులను అప్పట్లో తయారుచేసిన ఎనా అనే సంస్థలో చదివారు, రోత్‌షీల్డ్ బ్యాంకులో పనిచేశారు, ఆర్థిక మంత్రి అయ్యారు, 39 ఏళ్లకు అధ్యక్షుడయ్యారు. బుటిజెజ్ హార్వర్డ్, ఆక్స్‌ఫర్డ్‌లలో చదివారు, మెకిన్సీ అనే వ్యాపార సలహా సంస్థలో పనిచేశారు, ఇండియానాలోని సౌత్ బెండ్ మేయరయ్యారు, 38 ఏళ్ల వయసులో, అభ్యర్థి ఎంపికకు తొలి పోటీ జరిగిన అయోవాలో హేమాహేమీలను వెనక్కి నెట్టారు. అటూ ఇటూ మొగ్గకుండా, గొంతు పెంచకుండా మాట్లాడటం ఇద్దరికీ అలవాటు.

రెండు పార్టీల కొట్లాటతో విసిగిపోయిన దేశానికి ఇలాంటి మధ్యేవాదే మందు అని నా వాదన. ఆ అవకాశం ఉందా? ఉంటే బుటిజెజేనా, మరొకరా? ట్రంప్ మంచివాడా చెడ్డవాడా అన్న పాత రగడను మాత్రం దయచేసి ఇక్కడికి తేకండి.

పల్లేరుకాయ:
బయోడేటాలు పక్కపక్కన పెట్టి చూస్తే పెళ్లి సంబంధం కుదరవచ్చు, రాజకీయం కుదరదు. మేక్రాన్ ఏం మాట్లాడారో కాదు, ఏం చేశారో చూడండి. గద్దెనెక్కిన కొన్ని నెలలకే పార్లమెంటులో సుదీర్ఘ చర్చ లేకుండా ఆర్డినెన్సులతో కార్మిక చట్టాలను సడలించారు. సంపద పన్నును స్థిరాస్తులకే పరిమితం చేసి, షేర్లూ డబ్బూ ఉన్నవారిని వదిలేశారు. పెట్టుబడుల మీద వచ్చే ఆదాయానికి 30 శాతం అని ఒకటే రేటు పెట్టారు. పేరు చెప్పకుండా ఈ జాబితాను ఒహాయోలో చదివి వినిపిస్తే ఎవరో పాతకాలపు రిపబ్లికన్ అనుకుంటారు.

అదే మనిషి 2021లో బిడ్డ పుట్టిన తండ్రికిచ్చే సెలవును 28 రోజులకు పెంచారు. 2024 మార్చిలో గర్భస్రావ స్వేచ్ఛను రాజ్యాంగంలోకి ఎక్కించారు. అది వింటే డెమొక్రాట్లలోనూ ఎడమ కొసన ఉన్నవారు గుర్తొస్తారు. ఇక 2023లో ప్రభుత్వ బడుల్లో అబాయా (ముస్లిం అమ్మాయిలు వేసుకునే పొడవాటి వదులు వస్త్రం) వేసుకోవడాన్ని నిషేధించిన ప్రభుత్వం కూడా ఆయనదే. ఆ పని అమెరికాలో ఏ పార్టీ చేసినా కోర్టు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. ఈ మూడు ముక్కలూ కలిసే ఒక్క అమెరికన్‌ను చూపించండి, నేను చర్చ విరమిస్తాను.

గరోన్ ఒడ్డు:
నేను ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉంటాను, ఇక్కడే ఓటు. పల్లేరుకాయ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ‘మధ్య’ అనేది రెండు కొసల మీద ఆధారపడుతుంది కదా. ఇక్కడి కొసలు వేరు, అక్కడివి వేరు. 2020లో బుటిజెజ్ చెప్పిన ఆరోగ్య పథకం ఏమిటి? కావాలనుకున్నవారికి ప్రభుత్వ బీమా, వద్దనుకున్నవారు ప్రైవేటు బీమాలోనే ఉండవచ్చు. అక్కడ అది ముందడుగు. ఇక్కడ అదే మాట అంటే ఉన్న హక్కును ఊడబెరుకుతున్నారని కుడి కొసన ఉన్న లెపెన్ పార్టీవాళ్లే ముందు వీధికెక్కుతారు. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ వ్యయం జీడీపీలో సగం దాటి చాలాకాలమైంది. మేక్రాన్ హయాంలోనూ అది సగానికి దిగలేదు. అమెరికాలో అది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ.

పింఛను సంగతే తీసుకోండి. 2023లో పదవీ విరమణ వయసును 62 నుంచి 64కు పెంచుతామన్నందుకు దేశం స్తంభించింది. సభలో బలం చాలదని తేలాక ఓటింగు లేకుండా చట్టం నెగ్గించుకునే 49.3 అధికరణాన్ని వాడారు. అవిశ్వాస తీర్మానం తొమ్మిది ఓట్ల తేడాతో వీగిపోయింది. అమెరికాలో 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవారికి పూర్తి పింఛను 67 ఏళ్లకు. దానికి 1983లో సంతకం పెట్టింది రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్, సభలో ఆమోదించింది డెమొక్రాట్ల మెజారిటీ. ఇక్కడ మేక్రాన్‌ను నిర్దయుడనిపించిన సంస్కరణను అక్కడ ఎవరైనా ప్రతిపాదిస్తే ఉదారవాది అంటారు.

మూడోదారి:
విధానాలు అచ్చుగుద్దినట్టు ఉండాలని నేను అనలేదే! ఒబామాయే 2017లో వీడియో విడుదల చేసి మేక్రాన్‌కు మద్దతు పలికారు. ఇద్దరూ ఒక జాతి వాళ్లని వాళ్లకే తెలుసు. నేనడిగేది ఆ తరహా నాయకత్వం గురించి: పాత పార్టీలను పక్కకు నెట్టి, రెండు వైపుల నుంచీ మనుషులను తెచ్చుకుని గెలవడం గురించి.

లెక్కల మాస్టారు:
అయితే మనుషులను వదిలేసి గెలిచే పద్ధతి చూద్దాం. 2017 ఏప్రిల్‌లో మొదటి విడతలో మేక్రాన్‌కు వచ్చింది 24 శాతం. లెపెన్‌కు 21, కుడివైపు ఫియోన్‌కు 20, ఎడమ కొసన ఉన్న మెలాంషోన్‌కు 19.6. అంటే నలుగురూ దాదాపు ఒకే వరుసలో ఉన్నారు. ఆ 24 శాతంతో, మొదటి ఇద్దరే పోటీపడే రెండో విడతకు వెళ్లి, లెపెన్ వద్దనుకున్నవారందరి ఓట్లతో 66 శాతం తెచ్చుకున్నారు.

ఇప్పుడు అమెరికా. 1992లో వ్యాపారవేత్త రాస్ పెరో స్వతంత్రుడిగా 50 రాష్ట్రాల బ్యాలెట్లలోనూ పేరు సంపాదించి 18.9 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. రాష్ట్రాల వారీ ఓట్లతో అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ కాలేజీలో ఆయనకు దక్కినవి సున్నా. రెండో విడత లేదు. పోనీ ఏ మహానుభావుడో ముక్కోణపు పోటీలో కొన్ని రాష్ట్రాలు గెలిచి ఎవరికీ మెజారిటీకి కావలసిన 270 ఎలక్టోరల్ ఓట్లు రాకుండా చేశాడనుకుందాం. అప్పుడు ప్రతినిధుల సభ రాష్ట్రానికి ఒక ఓటు చొప్పున అధ్యక్షుణ్ని ఎన్నుకుంటుంది. ఆ సభలో ఉండేది రెండు పార్టీల వాళ్లే. 2016లో న్యూయార్క్ మాజీ మేయరు, కుబేరుడు బ్లూమ్‌బర్గ్ స్వతంత్రంగా నిలబడాలని చూసి ఈ లెక్కే వేసుకుని విరమించుకున్నారు. నాలుగేళ్ల తర్వాత డెమొక్రాట్ల ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే పోటీ) సుమారు వంద కోట్ల డాలర్ల సొంత డబ్బు గుమ్మరించి పసిఫిక్‌లోని చిన్న దీవులైన అమెరికన్ సమోవాలో గెలిచారు, మరెక్కడా లేదు. డబ్బుకూ తెలివికీ కొదవలేని మనిషి. దారి లేదు, అంతే.

కృష్ణాతీరం:
మాస్టారూ, లెక్క బాగుంది గానీ మన కళ్లెదుట జరిగినదాన్ని మరిచిపోయారు. ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టారు, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి. రెండో విడత మనకూ లేదు. ఎవరికి ఎక్కువ వస్తే వారిదే సీటు, అమెరికాలాగే. మేక్రాన్ 2016 ఏప్రిల్‌లో అమియాన్‌లో పార్టీ ప్రకటించి, మరుసటి ఏడాది జూన్‌లో 577 స్థానాల సభలో 308 గెలిస్తే ప్రపంచం నోరు వెళ్లబెట్టింది. అభ్యర్థుల్లో చాలామంది అంతకుముందు ఏ పదవీ ఎరగనివాళ్లు. తెలుగుదేశం తొలి శాసనసభ్యుల పట్టిక తిరగేయండి: కుర్ర వకీళ్లు, డాక్టర్లు, అధ్యాపకులు. కనుక ఎన్నికల పద్ధతి మీద నెపం వేయడం కుదరదు. అక్కడ అంతటి జనాకర్షణ ఉన్న మనిషి దిగలేదు, అంతే.

లెక్కల మాస్టారు:
మంచి చోట పట్టుకున్నారు. ఇక్కడే అసలు తేడా ఉంది. 1982లో కాంగ్రెస్ టికెట్ ఎవరికివ్వాలన్నది ఢిల్లీ చేతిలో ఉండేది. ముఖ్యమంత్రులను కూడా అక్కడినుంచే మార్చేవారు, ఐదేళ్లలో నలుగురిని చూశాం. బయటివాడికి లోపలికి వచ్చే గుమ్మం లేదు, అందుకే వేరే ఇల్లు కట్టుకోవలసి వచ్చింది. అమెరికాలో ప్రైమరీ ఉంది. పార్టీ పెద్దలు కాదన్నా ఓటర్లనే నేరుగా అడిగి పార్టీ గుర్తును చేజిక్కించుకోవచ్చు. అంత తేలిగ్గా పాతది దొరుకుతుంటే కొత్త పార్టీ ఎవరు పెడతారు?

మేక్రాన్ చేసింది దీనికి సరిగ్గా తిరగేసి. 2017 జనవరిలో సోషలిస్టులు ప్రైమరీ పెడితే దాని గడప తొక్కలేదు. తొక్కి ఉంటే వామపక్ష కార్యకర్తల చేతిలో ఓడిపోయేవారు. అందులో గెలిచిన ఆమోన్‌కు అసలు ఎన్నికలో వచ్చింది 6.36 శాతం.

మూడోదారి గారు తేవద్దన్న పేరు తెస్తున్నాను, మన్నించాలి. అధ్యక్షుడయ్యే ముందు ఏ ఎన్నికలోనూ గెలవని మనిషి, పాత నాయకత్వాన్ని ఊడ్చేసిన మనిషి, ఇప్పుడు పార్టీ అంటే తానే అన్నట్టున్న మనిషి. ఈ మూడూ మేక్రాన్‌కు వర్తిస్తాయి, ట్రంప్‌కూ వర్తిస్తాయి. బుటిజెజ్‌కు ఒక్కటీ వర్తించదు. ఆయన రెండుసార్లు మేయరుగా ఎన్నికై, పార్టీ వరుసలో నిలబడి, బైడెన్ దగ్గర రవాణా మంత్రిగా పనిచేసిన బుద్ధిమంతుడు. భావాల్లో మేక్రాన్‌కూ ట్రంప్‌కూ చుక్కెదురే. వచ్చిన దారి మాత్రం ఒకటే.

మూడోదారి:
ఇది మరీ మెలిక, మాస్టారూ. దారి ఒకటైతే మనుషులు ఒకటవుతారా?

డాలస్ బాబాయి:
నేను పార్టీల గొడవలోకి రాను, మా ఊళ్లో జరిగినది చెబుతాను. టెక్సస్‌లో పార్టీ సభ్యత్వం నమోదు అంటూ ఉండదు. ప్రైమరీ రోజున పోలింగ్ కేంద్రంలో ‘ఏ పార్టీ బ్యాలెట్ కావాలి?’ అని అడుగుతారు, ఒకటే ఇస్తారు. రెండూ కావాలంటే నవ్వుతారు.

2020 మార్చి 3న మా ప్రైమరీ. అంతకు రెండు రోజుల ముందు, ఆదివారం రాత్రి, బుటిజెజ్ తప్పుకున్నారు. సోమవారం డాలస్ వచ్చి బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. అదే రాత్రి ఇక్కడి సభలో మరో పోటీదారు క్లోబుషార్ కూడా బైడెన్ పక్కన నిలబడ్డారు. ముందస్తు ఓటింగులో బుటిజెజ్‌కు వేసివచ్చిన మా వీధివాళ్ల ముఖాలు చూడాలి! ఓటు పోయె, మనిషీ పోయె. మంగళవారం టెక్సస్‌లో ఎడమవైపు నిలిచిన శాండర్స్ మీద బైడెన్ గెలిచారు. మాస్టారు చెప్పే మొదటి విడత మాకూ ఉంది, మధ్యేవాదులందరూ ఒక్కటయ్యేదీ అక్కడే. కాకపోతే అది సగం ఊరికి మాత్రమే జరుగుతుంది. అవతలి బ్యాలెట్ తీసుకున్న నా తోడల్లుడికి బైడెన్, శాండర్స్‌లలో ఎవరు కావాలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆయన బైడెన్ అనేవాడే. ఫ్రాన్స్‌లో అయితే ఆయన ఓటే లెక్క తేల్చేది.

పల్లేరుకాయ:
బాబాయి గారూ, మీ తోడల్లుడి సంగతి నాకు నచ్చింది. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. మేక్రాన్ దొరికాడే అనుకుందాం, తర్వాత? 2017లో లెపెన్ పార్టీకి ఫ్రెంచి దిగువసభలో 8 స్థానాలు. 2022లో 89. 2024 జూన్‌లో మేక్రాన్ సభను రద్దు చేసి ఎన్నికలు పెట్టాక మిత్రులతో కలిపి 140కి పైనే. ఎడమవైపు మధ్యస్థులనూ కుడివైపు మధ్యస్థులనూ ఒకే గొడుగు కిందికి లాగేస్తే, ప్రభుత్వం మీద కోపం వచ్చిన ఓటరు ఎక్కడికి వెళ్లాలి? కొసలకే. 2000లో ఓడిన గోర్, 2008లో ఓడిన మెక్‌కెయిన్ లాంటి ప్రత్యర్థులు ఉన్నంతకాలం అమెరికాలో ఓడినవాడి పార్టీ కూడా బాధ్యతగల పార్టీయే. మేక్రాన్ వచ్చాక ఫ్రాన్స్‌లో ఆ వెసులుబాటు పోయింది.

కృష్ణాతీరం:
అమెరికాలో మేక్రాన్ లేకుండానే ఆ వెసులుబాటు పోయింది కదండీ. మరి దానికి ఎవరిని తప్పుపడదాం? లెపెన్ తండ్రి 2002లోనే రెండో విడతకు వచ్చాడు. అప్పటికి మేక్రాన్ విద్యార్థి.

గరోన్ ఒడ్డు:
పల్లేరుకాయ గారు కారణాన్ని ఒక్కరి నెత్తినే పెడుతున్నారు, దానికి ఒప్పుకోను. కానీ ఓటరుకు దిక్కుతోచకపోవడం మాత్రం నిజం. ఇక్కడ పోలింగ్ కేంద్రంలో బల్ల మీద ఒక్కో అభ్యర్థి పేరుతో ఒక్కో చీటీల దొంతర ఉంటుంది. ఎవరికి వేస్తున్నారో తెలియకుండా కనీసం రెండు చీటీలైనా తీసుకుని, తెర వెనక్కి వెళ్లి, ఒకటి కవరులో పెట్టాలి. మొదటి విడతలో దొంతరలు బల్ల నిండా ఉంటాయి. 2022 ఏప్రిల్ 24న, రెండో విడతలో, రెండే. నా ముందున్న పెద్దావిడ రెండూ తీసుకుని తెర వెనక చాలాసేపు ఉండిపోయారు. మొదటి విడతలో మెలాంషోన్‌కు వేశానని వరుసలో నిలబడ్డప్పుడే చెప్పారు. ఆమెలాంటివాళ్ల ఓట్లతోనే మేక్రాన్ 58 శాతం దాటారు. చాలామంది తన భావాలు నచ్చి కాదు, కుడి కొసను ఆపడానికే తనకు వేశారని ఆ రాత్రి ఆయనే ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది అదే ఓటర్ల మీద పింఛను చట్టం వచ్చి పడింది. పసుపు కోటుల ఉద్యమం నాటి కోపం మళ్లీ రాజుకుంది.

పసుపు కోటు అంటే ఇక్కడ ప్రతి కారులోనూ చట్టప్రకారం ఉంచుకోవలసిన భద్రతా కోటు. 2018 నవంబరులో డీజిల్ పన్ను మీద రౌండబౌట్ల దగ్గర జనం అడ్డంగా నిలబడ్డప్పుడు, దాన్ని కారు అద్దం వెనక కనబడేలా పెడితే చప్పట్లు కొట్టి వదిలేవారు. నేనూ పెట్టాను, భయానికి కాదు.

మూడోదారి:
సరే, కొత్త పార్టీ మాట వదిలేస్తాను. పార్టీ లోపలినుంచే మధ్యేవాది గెలిచిన ఉదాహరణ ఒకటి ఉంది, దాన్ని ఎవరూ ఎత్తలేదేం? 1992లో క్లింటన్. డెమొక్రాట్లను మధ్యకు లాగడానికే 1985లో ఒక మండలి పెట్టుకున్నారు, దానికి ఆయన అధ్యక్షత వహించారు, తర్వాత వైట్‌హౌస్‌కు వెళ్లారు. 1996లో సంక్షేమ చట్టాన్ని మార్చారు. అది జరిగిన దేశంలో మళ్లీ జరగదని ఎలా అంటారు?

లెక్కల మాస్టారు:
జరగవచ్చు. క్లింటన్‌కు ముందు డెమొక్రాట్లు 1980, 84, 88లలో వరుసగా మూడుసార్లు చిత్తుగా ఓడారు. గెలిపిస్తానంటే ఎవరికైనా తలవంచే స్థితికి పార్టీ వచ్చింది. కాబట్టి మీ మధ్యేవాదికి కావలసింది ఎనా చదువో మెకిన్సీ ఉద్యోగమో కాదు, అంతటి ఓటములు. 2024 ఓటమి ఒక్కటే అందుకు చాలుతుందా అన్నది మీరే చెప్పాలి.

డాలస్ బాబాయి:
చాలదు. మా డెమొక్రాట్లు ఇంకా ఎవరివల్ల ఓడామో తేల్చుకునే పనిలోనే ఉన్నారు.

గరోన్ ఒడ్డు:
మీరు అటు మేక్రాన్ కోసం వెతుకుతున్నారు, ఇటు సంగతి వినండి. వరుసగా మూడోసారి పోటీకి రాజ్యాంగం ఒప్పుకోదు, కాబట్టి 2027లో ఆయన ఉండరు. ఆయన తొలి ప్రధాని ఎడ్వర్ ఫిలిప్ ఎప్పుడో 2021లోనే సొంత పార్టీ పెట్టుకున్నారు, పోటీ చేస్తానని 2024లోనే ప్రకటించారు. ఆ ఏడాది జూన్ ఎన్నికల్లో మేక్రాన్ కూటమి అభ్యర్థులే చాలామంది తమ పోస్టర్ల మీద మేక్రాన్ బొమ్మ లేకుండా జాగ్రత్తపడ్డారు. మా వీధి చివర అతికించిన పోస్టరులో అభ్యర్థి ఒక్కరే ఉన్నారు. అధ్యక్షుడి పేరు కూడా లేదు.