పాత కథల సంపుటిని వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పెట్టవచ్చా?

ప్రశ్న:
ముఖపత్రం మీద "వ్యయ" అన్న తెలుగు సంవత్సరం తప్ప ఇంగ్లీషు తేదీ లేదు. రచయిత 1961లో కాలం చేశారు. 1990లలో ఇంకొకరు దీన్నే కొత్త ముందుమాట, బొమ్మలతో అచ్చేసి "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అని వేశారు. హక్కులు ఇప్పుడు ఎవరివి? ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైటులో స్కాన్ కూడా ఉంది.

జవాబు 1:
మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్ళు లెక్కపెట్టాలి. 1961లో పోతే ఫిబ్రవరి అయినా డిసెంబరు అయినా ఒకటే: గడువు 2021 డిసెంబరు 31తో అయిపోయింది. మళ్ళీ అచ్చేసినంత మాత్రాన పాత కథలకు కొత్త గడువు రాదు, "సర్వహక్కులు" అని వేసినా అంతే. అయితే ఆ ముందుమాట, బొమ్మలు, అట్ట వేరేవాళ్ళవి, వాటి జోలికి పోకండి. కొత్త ముద్రణలో పాఠం దిద్ది ఉండవచ్చు కూడా, కాబట్టి "వ్యయ" ప్రతి చూసే టైపు చేయండి.

ఇంకో మెలిక: రచయిత బతికుండగా ఎక్కడా అచ్చు కాని కథ ఉంటే, దానికి 60 ఏళ్ళూ మొదటిసారి అచ్చయిన ఏడాది నుంచి నడుస్తాయి. అది 1995లో తొలిసారి వెలుగు చూసి ఉంటే 2055 చివరిదాకా ఆగాల్సిందే. సంపుటిలో ప్రతి కథకూ ఇది విడిగా చూడాలి.

జవాబు 2:
ఆర్కైవ్‌లో ఉండటం అనుమతి కింద లెక్క కాదు. అక్కడి వివరాల్లో పేర్లూ సంవత్సరాలూ చాలాసార్లు తప్పుగా ఉంటాయి, స్కాన్‌లోని పేజీనే నమ్మండి. "వ్యయ" 1946 ఉగాది నుంచి 1947 ఉగాది ముందురోజు దాకా. అంతకుముందు 1886లోనూ వచ్చింది. పీఠిక కింద తేదీ గానీ గ్రంథాలయం ముద్ర గానీ ఉంటే ఏది సరైనదో తేలుతుంది. రచయిత మరణ సంవత్సరాన్ని రెండు చోట్ల సరిచూడండి, ఇంటిపేరుతో సహా. ఒకే పేరున్న ఇద్దరు కలిసిపోవడం మన కేటలాగుల్లో మామూలే.

జవాబు 3:
అందరూ మరిచేది అమెరికా లెక్క. వికీసోర్స్ సర్వర్లకు ఆ చట్టమే వర్తిస్తుంది. 1996 జనవరి 1 నాటికి ఇక్కడ హక్కు బతికున్న రచనకు అక్కడ అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్ళు ఇచ్చారు. 1946లో తొలిసారి అచ్చయిన కథకు 2041 చివరిదాకా గడువుంది. 1935లో పత్రికలో వచ్చిన కథ 2031 జనవరి 1కే విడుదలవుతుంది, అందుకే పాత పత్రికలు తిరగేయడం దండగ కాదు. ఉన్నవ వారి "మాలపల్లి" 1922ది, ఆయన 1958లో పోయారు, రెండు చోట్లా స్వేచ్ఛే. పానుగంటి వారు 1940లో పోయారు. అప్పటి 50 ఏళ్ళ గడువు 1990తోనే ముగిసింది, ఆ తరువాత దాన్ని 60కి పెంచినా తీరినవి తిరిగి రాలేదు, కాబట్టి ఆయన బతికుండగా అచ్చయినవాటికి అమెరికా ఇచ్చిన ఆ 95 ఏళ్ళూ వర్తించవు.

మీ పుస్తకంలో రచయిత బతికుండగా అచ్చయిన కథలను ఇండియాలో అచ్చేసుకోవడానికి అడ్డు లేదు. వికీసోర్స్‌కైతే 1930 దాకా అచ్చయిన కథలుంటే వాటినే ఇప్పుడు ఎక్కించండి.