1990 మియాటాకి టర్బోనా, సూపర్‌ఛార్జరా, ఇంజన్ స్వాపా?

పాపప్_లైట్స్
నాది 1990 మియాటా (మాజ్డా చిన్న స్పోర్ట్స్ కారు), 1.6 లీటర్ ఇంజన్. 2,30,000 కి.మీ. తిరిగింది. మూడో గేర్‌లో ఎత్తు ఎక్కాలంటే దమ్ము చాలడం లేదు. 200 హెచ్‌పీ దగ్గరికి వస్తే చాలు నాకు. నెలకోసారి ట్రాక్, మిగతా రోజులు మామూలు వాడకం. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరిగేది) పెట్టాలా, సూపర్‌ఛార్జరా (ఇంజన్ బెల్ట్‌తో తిరిగేది), ఇంజనే మార్చేయాలా? ఏసీ మాత్రం ఉండాలి. క్లచ్ కూడా మార్చాలా?

వీ8_పిచ్చి
జీఎం వీ8 ఇంజన్ ఎల్ఎస్1 వేసేయ్ బ్రో. 5.7 లీటర్లు, అల్యూమినియం బ్లాక్. నేను వేశాను. ఏ గేర్‌లో ఉన్నా పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, బండి లాగేస్తుంది. కానీ అలకగానే పండగ కాదు. ఇంజన్ దొరకడం చిన్న పని. దాని వెంట గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, యాక్సిల్స్, ముందు సబ్‌ఫ్రేమ్, రేడియేటర్ అన్నీ మారాయి. వైరింగ్‌కే నాలుగు నెలలు పట్టింది. 14 నెలలు బండి స్టాండ్ల మీదే ఉంది. మొదటిసారి స్టార్ట్ అయినరోజు నిజంగా ఏడ్చాను.

బెల్ట్_డ్రైవ్
200 కోసం వీ8 ఎందుకండీ? ముక్కు బరువెక్కితే మియాటా మియాటాలా తిరగదు. నా దాంట్లో ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్ ఉంది, రూట్స్ రకం (రెండు రోటర్లతో గాలి నెట్టేది). 2,000 ఆర్‌పీఎం నుంచే ఒత్తిడి వస్తుంది. మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు కాలు ఎంత నొక్కితే అంతే పవర్, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఆరేళ్లలో బెల్ట్ రెండుసార్లు మార్చాను, అంతే.

ఊపిరితిత్తి
సూపర్‌ఛార్జర్ క్రాంక్ (ఇంజన్ తిప్పే ప్రధాన షాఫ్ట్) నుంచే శక్తి తీసుకుంటుంది. ఇంజన్‌కి ఇవ్వాల్సినదాన్ని ముందు ఇంజన్ దగ్గరే లాక్కుంటుంది. టర్బో ఎలాగూ పొగగొట్టంలోంచి పోయే వేడితో తిరుగుతుంది, ఫ్రీ పవర్. ఇందులో చర్చించడానికి ఏముంది?

ఒక్క విషయం మాత్రం నా అనుభవంతో చెప్తా. టర్బో నుంచి సంప్‌కి (ఇంజన్ కింది ఆయిల్ తొట్టికి) వచ్చే ఆయిల్ పైపు నిటారుగా కిందికే ఉండాలి, సంప్‌లో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. నాది కొద్దిగా అడ్డంగా పడింది. నీలం పొగ వస్తుంటే సీల్స్ పోయాయనుకుని రెండు టర్బోలు మార్చాను. తప్పు పైపుది.

బెల్ట్_డ్రైవ్
ఫ్రీ అంటారేంటండీ! టర్బైన్ ఎగ్జాస్ట్‌కి అడ్డంగా కూర్చుంటుంది. పిస్టన్ ఆ పొగని ఒత్తిడికి ఎదురుగా బయటికి నెట్టాలి. ఆ పని ఎవరు చేస్తున్నట్టు?

ఊపిరితిత్తి
అది చాలా తక్కువ. మీ ఎం45 తినేదాంతో పోల్చకండి.

మ్యాప్_మాస్టర్
పదకొండేళ్లుగా నేను చేసే పనే ఇది. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద కొన్ని వందల బండ్లు ట్యూన్ చేశాను. ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. ఇంత చిన్న ఇంజన్ మీద సగం బార్ ఒత్తిడికి రూట్స్ బ్లోయర్ పది హెచ్‌పీ పైనే తీసుకుంటుంది, నిజమే. కానీ టర్బో చిన్నదైతే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి బూస్ట్ (ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) కంటే ఎక్కువుంటుంది. అది ఫ్రీ కాదు. ఇక పీఎస్ఐ (ఒత్తిడి కొలత) అంకెలతో పోటీ పడకండి. ఒత్తిడి ఒకటే అయినా వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ. ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) లేని రూట్స్‌లో సగం బార్‌కే గాలి 50, 60 డిగ్రీలు వేడెక్కుతుంది. అప్పుడు నాక్ (మిక్స్చర్ తనంతట తానే పేలడం) రాకుండా స్పార్క్ టైమింగ్ వెనక్కి తీయాలి, వచ్చిన పవర్‌లో కొంత అక్కడే పోతుంది.

ఈ 1.6 కంప్రెషన్ నిష్పత్తి 9.4. మెల్లగా బూస్ట్ చేస్తే తట్టుకుంటుంది. 200 కావాలంటే టర్బో, ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, స్టాండలోన్ ఈసీయూ (విడిగా పెట్టే ఇంజన్ కంప్యూటర్). క్లచ్ తప్పకుండా మార్చాలి.

నాలుగో_పిస్టన్
ట్యూనర్లు ఇలా ధీమాగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. నేనూ ఒక షాపుని నమ్మాను. బండి చూడకుండా మెయిల్‌లో ట్యూనింగ్ ఫైల్ పంపారు. ఫ్యూయల్ పంప్ సరిపోవడం లేదని ఎవరూ గమనించలేదు. పైన ఆర్‌పీఎంలో మిక్స్చర్ లీన్ (పెట్రోల్ తక్కువ) అయిపోయింది. మూడు వారాల్లో నాలుగో పిస్టన్ రింగ్ గట్టు విరిగింది. అడిగితే నువ్వు ఎక్కువ తొక్కావన్నారు. వైడ్‌బ్యాండ్ గేజ్ (గాలి, పెట్రోల్ పాళ్లు చూపేది) లేకుండా బూస్ట్ జోలికి ఎవరూ వెళ్లొద్దు.

మ్యాప్_మాస్టర్
మీకు జరిగింది అన్యాయమే. కానీ ఒకరు చేసిన తప్పుకి అందరినీ అంటే ఎలా? నేను బండి డైనో ఎక్కకుండా ఫైల్ ఇవ్వను.

నాలుగో_పిస్టన్
మిమ్మల్ని అనలేదు. పోయింది నా ఇంజన్. మాట గట్టిగానే వస్తుంది.

బాక్సర్86
నా టయోటా 86కి కూడా ఇదే ఆలోచన. దాని ఎఫ్ఏ20 ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 12.5. 4,000 ఆర్‌పీఎం దగ్గర టార్క్ పడిపోయే గుంట ఉంది కదా, అది పూడితే చాలు. కనెక్టింగ్ రాడ్లు బలహీనమని అందరూ భయపెడుతున్నారు. సూపర్‌ఛార్జర్ పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బెల్ట్_డ్రైవ్
మా ఫ్రెండ్ 86కి సెంట్రిఫ్యూగల్ సూపర్‌ఛార్జర్ పెట్టాడు. దాని ఒత్తిడి ఆర్‌పీఎంతో పాటే పెరుగుతుంది కాబట్టి మీ గుంట దగ్గర పెద్దగా ఇవ్వదు. పైన బాగుంటుంది. కింద కావాలంటే రూట్స్ రకం లేదా ట్విన్ స్క్రూ చూడండి.

పాత_పానా
ఇంతమంది రాశారు, బండి 1990ది అన్న సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. బాబూ, ముందు క్రాంక్ పుల్లీ చూడు. మధ్యలో ఉన్న బాస్‌కి (ఉబ్బు భాగానికి) గాట్లు ఎన్నో లెక్కపెట్టు. 4 ఉంటే షార్ట్ నోస్ క్రాంక్ (ముందు ముక్కు పొట్టిది), 8 ఉంటే లాంగ్ నోస్. షార్ట్ నోస్‌లో బోల్ట్ కొంచెం వదులైనా కీవే (పుల్లీని కదలకుండా పట్టే గాడి) అరిగిపోతుంది, పుల్లీ ఊగుతుంది, టైమింగ్ పక్కకి జరుగుతుంది. సూపర్‌ఛార్జర్ బెల్ట్ లాగేది ఆ ముక్కునే. తర్వాత కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలవడం) చెయ్యి. ఆ రెండూ చూడకుండా కిట్ కొనకు.

వీ8_పిచ్చి
అన్న చెప్పింది కరెక్ట్. 1.6 వెనక డిఫరెన్షియల్ కూడా చిన్నది. 200 హెచ్‌పీతో ట్రాక్ మీద అది ఎంతోకాలం ఉండదు.

పాపప్_లైట్స్
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి చూశాను. గాట్లు నాలుగే. ఇంజన్ వేడిగా ఉండగా, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ కొలిచాను: 172, 175, 170, 128 పీఎస్ఐ. నాలుగో దాంట్లో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 155కి వచ్చింది. అంటే రింగులే కదా? రాత్రంతా నిద్ర పట్టలేదు. ఏసీ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

పాత_పానా
రింగులే, ఆయిల్ ఆ సందు మూసింది కాబట్టే ఒత్తిడి పెరిగింది. ఈ ఇంజన్‌కి బూస్ట్ పెట్టొద్దు. 1994 మోడల్ నుంచి వచ్చిన మియాటా 1.8 ఇంజన్ మంచిది చూసి దించు. దాని మౌంట్లు నీ బండికి సరిపోతాయి, ఏసీ కంప్రెసర్ కూడా పెట్టుకోవచ్చు. దాంతో పాటు ఆ బండి పెద్ద డిఫరెన్షియల్ కూడా తెచ్చుకో, హాఫ్ షాఫ్ట్‌లతో సహా, టార్సెన్ (రెండు చక్రాలకీ పవర్ పంచే రకం) దొరికితే మరీ మంచిది. 1.8ని కొన్నాళ్లు అలాగే నడుపు. టర్బో సంగతి తర్వాత.

ఊపిరితిత్తి
టర్బో పెట్టే రోజు ఇంటర్‌కూలర్ ఏసీ కండెన్సర్ ముందు కూర్చుంటుంది. రేడియేటర్‌కి గాలి తగ్గుతుంది, డక్ట్ సీల్ చేసుకో. ఆయిల్ పైపు గుర్తుంది కదా?

పాపప్_లైట్స్
గుర్తుంది అన్నా. ఒక 1.8 కనబడింది, గేర్‌బాక్స్‌తో సహా ఇస్తామంటున్నారు. కొనేముందు దానికీ కంప్రెషన్ టెస్ట్ చేయనిస్తారో లేదో శనివారం వెళ్లి అడుగుతా.