ఏబీఎస్, ట్రాక్షన్ లైట్లు కలిసి వెలుగుతున్నాయి

ప్రశ్న (పర్లాకిమిడి): ఘాట్ రోడ్డు బురదలో తిరిగాక కారులో ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ట్రాక్షన్ (చక్రాలు జారి తిరక్కుండా చూసేది) పసుపు లైట్లు రెండూ ఆరడం లేదండి. ఎర్ర బ్రేక్ లైటు లేదు, పెడల్ గట్టిగానే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (గుణుపురం): రెండింటికీ ఆధారం చక్రాల స్పీడ్ సెన్సార్లే. ఏబీఎస్ కోడ్లు (లోపం ఎక్కడుందో చెప్పే గుర్తులు) చదివే స్కానర్ పెట్టించండి; చవక రీడర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లతోనే ఆగిపోతాయి. సీ0035 కోడ్ వస్తే సాధారణంగా ఎడమ ముందు చక్రం. సెన్సార్ కొన మీద బురద, ఇనుప రజను తుడిచి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి వైరు లాగుతోందేమో చూడండి. అడగకుండా సెన్సార్ మార్చేయనివ్వకండి.

మరో జవాబు (రాయగడ): చక్రం బేరింగ్ ఈమధ్యే మార్పించారా? అయస్కాంత రింగు ఉన్న బేరింగును తిరగేసి బిగిస్తే సెన్సార్‌కి సిగ్నలే అందదు. స్కానర్ లైవ్ డేటాలో (బండి నడుస్తుండగా కనిపించే రీడింగుల్లో) నాలుగు చక్రాల వేగాలూ పోల్చండి.

గుణుపురం: అవునండి, అదీ చూడాలి. ఎర్ర లైటు కూడా వస్తే మాత్రం బండి నడపొద్దు. ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మట్టం, ప్యాడ్ల అరుగుదల, లీకులు చూడాలి.