పై షడ్జం దగ్గర గొంతు బిగుసుకుంటోంది

ప్రశ్న: విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న మా పాపకి 14 ఏళ్లు. సరళీ వరుసల్లో (మొదట నేర్పే స్వర సాధనలు) పై స (షడ్జం) చేరగానే గొంతు బిగిసి స్వరం జారిపోతోంది. టీచర్ని మార్చాలా?

జవాబు: ముందు ఏ శ్రుతిలో (స ఏ ఎత్తులో పెట్టి) పాడిస్తున్నారో చెప్పండి. మంద్ర పంచమం (కింది ప) వినిపించకపోతే శ్రుతి తక్కువ, తార గాంధారం (పై గ) అరుపైతే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు: ఆరులో అండి. బ్యాచ్‌లో అందరికీ అదే.

జవాబు: చిక్కంతా అక్కడే! అయిదున్నరకో, అయిదుకో దించి చూడమనండి. విడిగా శ్రుతి పెట్టి వినేందుకు ఒప్పుకుంటే టీచర్ని మార్చక్కర్లేదు.

మరో జవాబు: ఊపిరి కూడా చూడండి. నిషాదానికే (ని) అయిపోతే పై స కిందకి జారుతుంది. మ తర్వాత చిన్నగా తీసుకోవాలి. దవడ వదిలేసి, అకారంలో ('ఆ' అంటూ), మొదటి కాలంలో (నెమ్మది వేగంలో) రోజూ 10 నిమిషాలు చాలు. గొంతు నొప్పెడితే ఆపేయాలి.